టి కణం మారదు, గుంపు మారుతుంది

మీరు అడిగింది ఇదీ: యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు తమ యాంటీబాడీ జీన్లలో మ్యుటేషన్లు తెచ్చుకుని పదునెక్కుతాయి, టి కణం (మరో రకం రోగనిరోధక కణం) పైన క్రిమి ముక్కను పట్టుకునే రిసెప్టర్‌కి ఆ వీలు లేదు. మరి అదే క్రిమి రెండోసారి సోకితే టి కణాలు ఇంకా గట్టిగా ఎలా పట్టుకుంటాయి? పీహెచ్‌డీ మొదటి ఏడాదంతా నన్ను వెంటాడిన ప్రశ్న ఇది.

విడివిడిగా చూస్తే ఏ కణమూ మెరుగుపడదు. గుంపులో ఏ రకం ఎక్కువగా మిగిలిందన్నదే మారుతుంది.

దీన్ని నేను కళ్లారా చూశాను. లిస్టీరియా బ్యాక్టీరియా ఒక్కసారి సోకిన ఎలుకలు కొన్ని, రెండుసార్లు సోకినవి కొన్ని. ప్లీహాన్ని సన్నటి జల్లెడ మీద సిరంజి పిస్టన్‌తో నలిపి, ఆ బ్యాక్టీరియా ప్రొటీన్ ముక్క అయిన పెప్టైడ్‌ని గుర్తుపట్టే కణాలకు రంగు టెట్రామర్ (ఆ పెప్టైడ్ నాలుగు ప్రతులను మోస్తూ రిసెప్టర్లకు అతుక్కునే అణువు) పట్టించాను. కడిగాక, కొన్ని నిమిషాలకోసారి ఎంత రంగు మిగిలిందో, ఒక్కో కణం రంగునీ కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో చూడాలి. పట్టు తక్కువైతే రంగు తొందరగా ఊడిపోతుంది. మొదటి ఎలుకల్లో గ్రాఫ్ గీత జారిపోయింది, రెండోవాటిలో చాలాసేపు నిలబడింది. ఊడిన టెట్రామర్ మళ్లీ అతుక్కోకుండా కలపాల్సిన యాంటీబాడీ మర్చిపోయానేమోనని టెన్షన్ పడి, మొత్తం ప్రయోగం మళ్లీ చేశాను. అదే గీత.

1999లో డిర్క్ బుష్, ఎరిక్ పామర్ లిస్టీరియాతోనే ఈ సంగతి చూపించారు. రెండోసారికి రిసెప్టర్లలో వైవిధ్యం తగ్గింది, గట్టి పట్టున్న క్లోన్ల (ఒకే కణం నుంచి పుట్టిన గుంపుల) వాటా పెరిగింది.

కారణం పోటీ. పెప్టైడ్‌ని చూపించే డెండ్రిటిక్ కణాలు కొన్నే ఉంటాయి, వాటి చుట్టూ చోటూ తక్కువే. 2000లో రాస్ కెడ్ల్ బృందం చేసిన ప్రయోగంలో, గట్టి పట్టున్న టి కణాలను ఎక్కిస్తే ఎలుక సొంత కణాల స్పందన అణిగిపోయింది. 2002లో వాళ్లే ఇంకో విషయం బయటపెట్టారు: టి కణాలు డెండ్రిటిక్ కణం పైనున్న పెప్టైడ్‌ని తగ్గించేస్తాయి, గట్టి పట్టున్నవి ఇంకా బాగా. మొదటి బంతిలోనే గారెలు అయిపోతే రెండో బంతివాళ్ల విస్తట్లో ఏం పడుతుంది? అలాగన్నమాట. నాకు అన్నింటికన్నా అందంగా అనిపించే ముక్క ఇదే. ఎంపిక చేసే యజమాని ఎవరూ లేరు, సరుకు కరువే ఎంపిక చేస్తోంది.

అలాగని బలహీనమైనవి చచ్చిపోతాయని రాసుకోకండి. 2009లో జెన్, లీ, బెవన్ చూపించినట్టు, చాలా తక్కువ పట్టున్న కణాలు కూడా మొదట్లో జోరుగానే విభజన చెందుతాయి, జ్ఞాపక కణాలూ అవుతాయి. కాకపోతే ముందే ఆగిపోయి, లింఫ్ గ్రంథిని త్వరగా వదిలేస్తాయి.

పేపర్లు చదివేటప్పుడు ఎన్ని కణాలు ఎక్కించారో ముందు చూడండి. మామూలుగా ఒక ఎలుకలో ఒక పెప్టైడ్‌ని గుర్తించే, ఇంకా క్రిమిని చూడని కొత్త కణాలు వందల లెక్కలోనే ఉంటాయి. ఒకే రిసెప్టర్ ఉన్నవి లక్షల్లో ఎక్కిస్తే, అసలున్న దానికన్నా పోటీ చాలా ఎక్కువ కనిపిస్తుంది.