డబ్బు నాది, కారు నాది... రూలు ఎవరిది?

ప్రశ్న: ఈఎంఐ కట్టేది నేను. పెట్రోలా, డీజిలా, పెద్ద కారా, చిన్న కారా అన్నది ప్రభుత్వం ఎందుకు చెప్పాలి?

జవాబు: రంగు, సీట్లు, గేర్లు, సైజు మీ ఇష్టమండీ. అందులో ఎవరైనా వేలు పెడితే మీతోపాటు నేనూ ఊరుకోను. కానీ సైలెన్సర్‌లోంచి వచ్చే పొగ మీ ఒక్కరిదే కాదు. వెనక స్కూటర్ మీద కూర్చున్న పాప పీల్చేదీ అదే. సీసం కలిపిన పెట్రోలు పిల్లల మెదడుకు చేటని తెలిసి కూడా, అన్ని దేశాల బంకుల్లోంచీ అది పోయేసరికి 2021 వచ్చింది. నిషేధాలు లేకపోతే ఇప్పటికీ అమ్ముతూనే ఉండేవాళ్లు. ఇప్పుడు మనం పెట్టుకునే సీట్ బెల్టును వోల్వో ఇంజనీర్ నీల్స్ బోలిన్ 1959లోనే తయారుచేశాడు. అది అన్ని కార్లలోకీ చేరడానికి మాత్రం చట్టాలే కావాల్సి వచ్చాయి.

అయితే రూలు రాసేవాళ్లూ తప్పు చేస్తారు. అమెరికాలో 1975 చట్టంతో వచ్చిన మైలేజీ నిబంధనలు మామూలు కార్లకు గట్టిగా, లైట్ ట్రక్కులకు మెత్తగా ఉండేవి. కంపెనీలు ఎస్‌యూవీలను ట్రక్కుల కోవలో చేర్చి అమ్ముకున్నాయి. కొన్నిటి బానెట్ ఎంత ఎత్తంటే, దాని ముందు నిలబడ్డ చిన్నపిల్లాడు డ్రైవర్ కంటికి ఆనడు. నాకు కోపమొచ్చేది ఇక్కడే. పొగకి, ఎదుటివాళ్ల ప్రాణానికి హద్దు గీయాలి. ఆ హద్దు లోపల మీకు నచ్చింది కొననివ్వాలి.

ఇక నిన్నటి రూలు ప్రకారం కొన్న కారును ఇవాళ మూలన పెట్టమంటే అది అన్యాయమే. యూరోపియన్ యూనియన్ కూడా 2023 చట్టంలో, కార్లు కార్బన్ డయాక్సైడ్ వదలకూడదంటూ 2035 గడువు పెట్టింది కొత్తగా అమ్మే కార్లకే.