జొన్నరొట్టె మెత్తగా రావాలంటే ముందు పిండి సంగతి చూడండి

మీ పాపకి సీలియాక్, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు అని తేలాక గోధుమ మానేశామని, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) జొన్నరొట్టె కాలిస్తే అట్టముక్కలా బిగుసుకుపోతోందని, పెనం మీద వేస్తే విరిగిపోతోందని రాశారు. మా బాబుకి నాలుగేళ్ల కిందట ఇదే తేలింది. మాది విశాఖే. మా ఇంట్లో చోడి (రాగి) అంబలి తెలుసు గానీ జొన్నరొట్టె తట్టడం ఎవరికీ రాదు. పాడుచేసి పాడుచేసి నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

రొట్టె కంటే ముందు పిండి గురించి చెప్పాలి. రైతు బజార్లో జొన్నలు కొని దగ్గర్లోని పిండిమరలో పట్టించేదాన్ని. గోధుమ ముట్టకపోయినా మూడు నెలల పాటు వాడి కడుపునొప్పి తగ్గలేదు. ఒకరోజు మర దగ్గరే నిలబడి చూశాను. నా ముందావిడ గోధుమలు అయ్యాయి, వెంటనే మా జొన్నలు పోశారు. గొట్టానికి కట్టిన గుడ్డసంచిని దులపనైనా లేదు, మా డబ్బాలో తొలుత పడింది గోధుమపిండే. నాకు కాళ్లలో వణుకొచ్చింది. ఒక్క గ్రాము గోధుమపిండిలో సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. గ్లూటెన్ లేని ఆహారం అని అమ్మాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. అంటే రెండు కిలోల జొన్నపిండిలో ఒక చెంచా గోధుమపిండి కలిసినా హద్దు ఎన్నో రెట్లు దాటిపోతుంది.

అప్పటి నుంచి జొన్నలు కడిగి, ఆరబెట్టి, ఇంట్లో మిక్సీలోనే పడుతున్నాను. జల్లెడ, పీట, పెనం వాడికి వేరే. మన సముద్రపు గాలికి పిండి త్వరగా మెత్తబడి చేదెక్కుతుంది, అందుకే వారానికి సరిపడా పట్టి ఫ్రిజ్‌లో పెడతాను. పాత పిండితో రొట్టె ఎలా చేసినా విరుగుతుంది. అన్నట్టు ఇంగువ డబ్బా మీద రాసింది కూడా చదవండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు.

ఇక రొట్టె. గోధుమపిండిని సాగదీసి పట్టి ఉంచేది గ్లూటెనే. జొన్నలో అది లేదు కాబట్టి పిండిలోని గంజి పదార్థం ఉడికి జిగురవ్వాలి. గోరువెచ్చని నీళ్లు చాలవు, మసిలే నీళ్లే కావాలి. కప్పు పిండికి ముప్పావు కప్పు నీళ్లు, ఉప్పు వేసి మరిగించి, మంట ఆపి పిండి పోసి గరిటెతో కలిపి మూతపెట్టండి. పది నిమిషాలు ఉమ్మగిల్లాక, చేయి ఓర్చుకునే వేడిలో అరచేతి మడమతో ఒత్తుతూ బాగా మర్దించండి. ఉండని అరచేతిలో నొక్కి చూడండి, అంచులు చీలితే తడి చాలలేదన్నమాట. చేయి తడిచేసుకుని మళ్లీ పిసకండి. మెత్తబడ్డాక రొట్టెలా తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేత్తో రాసి, ఆ తడి ఆరాక తిప్పేయాలి.

ఓటీజీలోనే కావాలంటే ఇసబ్‌గోల్ (మందుల షాపులో దొరికే గింజల పొట్టు) తప్పదు. కప్పు పిండికి రెండు టీస్పూన్లు వేసి, నీళ్లు ఇంకో మూడు చెంచాలు పెంచండి. అది నీటిని జిగురుగా పట్టి ఉంచుతుంది కాబట్టి ఓవెన్ వేడికి రొట్టె ఎండిపోదు. అరిటాకు మీద నూనె రాసి కాస్త మందంగా తట్టండి. ట్రేని లోపలే పెట్టి 220 డిగ్రీల దగ్గర బాగా కాగనిచ్చాక రొట్టె వేసి, ఆరేడు నిమిషాలకి తిప్పి, ఇంకో మూడు నిమిషాలు ఉంచితే చాలు. మీకు అట్టముక్కలా అయ్యేది చల్లటి ట్రేలో చాలాసేపు కాలడం వల్లే అనుకుంటాను. తీయగానే గుడ్డలో చుట్టేయండి.

మా వాడు బడికి ఇదే డబ్బాలో పట్టుకెళ్తాడు, ఆనపకాయ కూరతో. మధ్యాహ్నానికి కూడా మడత పెడితే విరగట్లేదు.