సీటొచ్చింది, డబ్బుల్లేవు... పాపతో వీడియో తీయించమంటారా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తాను. మా ఆయన హైదరాబాద్‌లో తాపీ పని చేస్తారు. మా గుంటకి తాడేపల్లిగూడెం నిట్‌లో సీటొచ్చింది. నాలుగేళ్లకి ఎనిమిది లక్షలవుతుందంటున్నారు. అంత మా వల్ల కాదు. మా మరిది ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లతో మాట్లాడాడు. ఇంటికొచ్చి వీడియో తీస్తారట, వచ్చిన డబ్బులో కొంత వాళ్లకివ్వాలట. అడ్వాన్సుగా రెండు వేలు ఇచ్చాం. కొందరు పేపర్లో వేయించమంటున్నారు, ఇంకొందరు ఆన్‌లైన్‌లో విరాళాల సైట్లున్నాయంటున్నారు. ఈ మూడింటిలో ఏది మంచిది? గుంట కెమెరా ముందుకి రానని మొండికేస్తోంది. మీరైనా నచ్చజెప్పండి.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మూడు దారుల్లో ఏది మంచిదో చెప్తాను. కానీ మీ ఉత్తరంలో అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. డబ్బు కట్టలేక సీటు పోతుందేమో, పోతే కూతురి ముందు జీవితాంతం తలెత్తుకోలేనేమో అని మీరు నిద్రపోవట్లేదు. కౌన్సెలింగ్ రోజుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇవే. ఊరు మారుతుంది, కాలేజీ మారుతుంది, భయం మాత్రం అదే. కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేద్దాం. గడువులోపు కాగితాలు సిద్ధం చేసుకుంటే, డబ్బు లేదన్న కారణంతో మీ అమ్మాయి సీటు పోదు.

ఎనిమిది లక్షలని చెప్పినవాళ్లు ఫీజు పట్టిక చూశారు, దానికున్న మాఫీ చూడలేదు. నిట్‌లో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 1,25,000. అంటే మీరు చెప్పిన ఎనిమిదిలో ఐదు లక్షలు అదే. కుటుంబ వార్షికాదాయం లక్ష లోపు ఉంటే ఆ ఫీజు మొత్తం మాఫీ. లక్ష నుంచి 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకైతే ఆదాయంతో పనిలేకుండా పూర్తి మాఫీ. మీ ఇద్దరి కూలీ కలిపితే మీరు ఎందులోకి వస్తారో తాసిల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తేలుస్తుంది. సచివాలయంలో దరఖాస్తు పెట్టండి, ఉన్నది ఉన్నట్టు రాయించండి. రెండో మెట్టులోకి వచ్చినా నాలుగేళ్లకు మీరు కట్టాల్సిన ట్యూషన్ ఫీజు లక్షా డెబ్బై వేల లోపే.

ఇక హాస్టల్, మెస్, ల్యాప్‌టాప్, పుస్తకాలు. వీటికి బ్యాంకు విద్యారుణం ఉంది. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎంపిక చేసిన మంచి విద్యాసంస్థల్లో సీటొచ్చిన పిల్లలకు పూచీకత్తు, హామీదారు లేకుండా ఇందులో రుణం ఇస్తారు. పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ల పిల్లలు ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో చేరితే, చదివినన్నాళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. ఆ తర్వాతే వాయిదాలు మొదలవుతాయి. వాయిదా కట్టేది ఉద్యోగం చేస్తున్న మీ అమ్మాయి, మీరు కాదు.

అప్పు అనే మాట వింటేనే మీకు గుండె జారుతుందని నాకు తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాక అప్పులపాలైన ఇళ్లను మీరు కళ్లారా చూసి ఉంటారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చే అప్పు వేరు, ఇది వేరు. ఈ రుణం తీసుకోకుండా దాతల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే అసలు ప్రమాదం. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక దినకూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. 17,500 రూపాయలు గడువు సమయానికి కట్టలేకపోయాడు, సీటు పోయింది. సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఆ ఏడాది సెప్టెంబరు 30న కోర్టు తన ప్రత్యేకాధికారంతో సీటు ఇప్పించింది. దేశమంతా ఆ వార్త చదివి సంతోషించింది. నేను మాత్రం తల్లిదండ్రులకు ఇంకో సంగతి చూపిస్తాను. అక్కడ ఆగింది లక్షల దగ్గర కాదు, గడువు రోజు చేతిలో ఉండాల్సిన కొద్ది మొత్తం దగ్గర. మీరు ఇప్పుడు కూడబెట్టాల్సింది కూడా అదే. అడ్మిషన్ రోజు కట్టాల్సినది, మొదటి సెమిస్టర్ హాస్టల్, మెస్, రుణం చేతికొచ్చే దాకా ఖర్చులు. ఆ అంకె ఎంతో కాలేజీ ఫీజు నోటీసు చూసి రాసుకోండి. ఎనిమిది లక్షల్లో అది చిన్న ముక్కే.

ఇప్పుడు వీడియో సంగతి. మీ అమ్మాయికి నేను నచ్చజెప్పను. పద్దెనిమిదేళ్ల పిల్ల రాననడం మొండితనం కాదు. అది ఆమె ముఖం, ఆమె పేరు, నాలుగేళ్లు ఆమె బతకబోయే హాస్టల్. ఆ ఛానెల్ వాళ్లు ఏం తీస్తారో మీకూ తెలుసు. కారుతున్న పైకప్పు చూపిస్తారు, మిమ్మల్ని ఏడిపిస్తారు, పిల్లని ఏడవమంటారు, వెనక విషాద సంగీతం పెడతారు. ఇంటరంతా రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని ఈ సీటు తెచ్చుకున్న పిల్లని, సాధించిన రోజే జాలిపడాల్సిన మనిషిగా నిలబెడతారా? మీరు కష్టంలో ఉన్నారని నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను. డబ్బు కోసం పిల్ల మాట తోసేయడానికి తల్లికైనా హక్కు లేదు. పైగా వచ్చినదాంట్లో వాటా అడిగేవాడు చేసేది సాయం కాదు, వ్యాపారం.

ఈ వైరల్ దారి మీద నాకున్న అనుమానాలు ఇంకా ఉన్నాయి. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో వీడియో వల్ల లాభపడ్డవాళ్లు లేకపోలేదు. ఒకరిద్దరికి ఏ సినిమా నటుడో, ఏ నాయకుడో చూసి మొదటి ఏడాది ఫీజు కట్టారు. ఫోన్‌లో మీ అందరికీ కనిపించేది వాళ్లే. వీడియో పెట్టాక రెండు రోజులు కామెంట్లు, నాలుగు వందల రూపాయలు వచ్చి ఆగిపోయిన పిల్లలు ఎవరికీ కనిపించరు. కామెంట్లు కూడా ఎలా ఉంటాయంటే, చెవుల్లో కమ్మలున్నాయి కదా అమ్మొచ్చుగా అంటారు, చేతిలో ఫోన్ ఎక్కడిదంటారు, కులం అడుగుతారు. ఫోన్ నంబరు తెర మీద వేస్తే అర్ధరాత్రి ఫోన్లొస్తాయి. సాయం వచ్చిన పిల్లల విషయంలోనూ రెండో ఏడాది ఫీజు నాటికి ఆ దాత ఫోన్ ఎత్తడు, అతని తప్పు కూడా కాదు. ఒక్కసారి ఇస్తానన్నాడు, ఇచ్చాడు. వీడియో మాత్రం ఉండిపోతుంది. మూడో ఏడాదిలో ఎవరో క్లాస్‌మేట్ వెతికి గ్రూపులో పెడితే ఆ పిల్ల పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

అలాగని చదువుకోసం చెయ్యి చాచడం నామోషీ అనుకోకండి. మన విజయనగరంలోనే ఘంటసాల సంగీతం నేర్చుకునే రోజుల్లో జోలె పట్టుకుని ఇంటింటా అన్నం అడుక్కునే మధుకరం ఎత్తుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. వారాలు చేసుకుని, అంటే వారంలో రోజుకో ఇంట్లో భోంచేస్తూ, చదివిన మాస్టర్లు మన ముందు తరంలో ఎంతమందో. వాళ్లకు పెట్టిన ఇళ్లవాళ్లు ఆ పిల్లాడిని రోజూ చూసేవాళ్లు, ఎలా చదువుతున్నాడో వాళ్లకు తెలుసు, ఈ వారం పెట్టినవాళ్లు పై వారమూ పెట్టేవాళ్లు. సాయం అలా నిలబడుతుంది. మీరు వెతకాల్సింది అలాంటి మనుషుల్ని.

వాళ్లు మీకు దగ్గర్లోనే ఉన్నారు. మీ అమ్మాయి చదివిన హైస్కూల్లో పదో తరగతి పాత బ్యాచ్‌లకు వాట్సాప్ గ్రూపులుంటాయి, వేసవిలో గెట్ టుగెదర్లు చేసుకుంటారు. మీ ఊరి కుర్రాళ్లు హైదరాబాద్, విశాఖ, దుబాయ్‌లలో ఉన్నారు, వాళ్లకో గ్రూపు ఉంటుంది. హెడ్మాస్టరు గారినో, లెక్కల మాస్టారినో కలిసి ఆ గ్రూపుల్లో ఒక్క పేజీ పెట్టించండి. ఆ పేజీ మీ అమ్మాయే రాయాలి. ఏం చదివింది, ఏ ర్యాంకు, ఏ బ్రాంచి, ఫీజులో ఎంత మాఫీ అయింది, రుణానికి దరఖాస్తు చేసిందా, ఇంకా కచ్చితంగా ఎంత కావాలి, ఏ తేదీలోపు. కష్టాల గురించి రెండు వాక్యాలు చాలు. ‘ఎంతో కొంత సాయం చేయండి’ అని అడిగితే మనుషులు వంద పంపి మర్చిపోతారు. ‘43,000 కావాలి, అందులో 18,000 సమకూరింది’ అని చెప్తే మిగతాది పూర్తి చేయాలనిపిస్తుంది. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందికి ఫీజు ఇలాగే కట్టబడింది, ఏ ఛానెల్లోనూ రాలేదు.

ఇది సరిపోకపోతే అప్పుడు పేపరు. మీరు అడిగిన మూడింటిలో నా ఓటు దీనికే. మండల విలేకరిని మీ అమ్మాయి, మాస్టారు కలిసి వెళ్లి కలవాలి. అదే పేజీ, సీటు కేటాయింపు పత్రం జిరాక్సు, మామూలు పాస్‌పోర్టు ఫొటో ఇవ్వండి. వార్త రాయించుకోవడానికి ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. ఇంటి చిరునామా, పాప నంబరు వేయొద్దని, మాస్టారి నంబరు వేయమని అడగండి. ‘ఆపన్నహస్తం కోసం ఎదురుచూపు’ లాంటి శీర్షికే పెడతారు, అది మీ చేతుల్లో లేదు. కానీ లోపల సీటు గురించి, మొత్తం గురించి సరిగ్గా రాయించుకోవడం మీ చేతుల్లో ఉంది. వార్త వచ్చాక ఆ కటింగ్ తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేటప్పుడు ఇవ్వండి.

ఆన్‌లైన్ విరాళాల సైట్లు, కీటో, మిలాప్ లాంటివి, మోసం కావు. అయితే అక్కడా మీ లింకును పంచేది మీకు తెలిసినవాళ్లే. పేజీ పెట్టగానే ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి ఇచ్చేస్తారనుకోవద్దు. పెట్టేముందు వాళ్లు కోసుకునే ఛార్జీలు చదవండి. ఇంతకన్నా మీకు దాని అవసరం లేదు.

డబ్బు రావడం మొదలైతే కొన్ని జాగ్రత్తలు. వీలైనవాళ్లను కాలేజీ చలానా మీద నేరుగా ఫీజు కట్టమనండి, వాళ్లకీ నమ్మకం, మీకూ తలనొప్పి తగ్గుతుంది. మిగతాది పాప పేరున్న ఒక్క ఖాతాలోకే రావాలి, మరిది ఫోన్‌పేకి కాదు. ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాయండి. దగ్గరి బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చింది 50,000 దాటితే ఆ మొత్తమంతా ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. చాలాసార్లు కట్టాల్సిన పన్ను ఏమీ ఉండదు, అయినా పలాసలో ఎవరైనా ఆడిటర్‌కి ఒకసారి చూపించండి. దుబాయ్‌లో ఉన్న మన పాస్‌పోర్టు వాళ్లు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బుకు విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది, వాళ్లను ఆ అనుమతి ఉన్న ట్రస్టు ద్వారా ఇమ్మనండి. లక్ష పంపుతున్నాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఈ పేజీ చదివే మిగతా తల్లిదండ్రులకూ ఒక మాట. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసే సీటు తీసుకుని, ఆ ఫీజుకు దాతలు కావాలని రాసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ సీట్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని చేరేముందే మీకు తెలుసు. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ, అంబేడ్కర్ యూనివర్సిటీ, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ మన గుమ్మంలో ఉన్నాయి. పక్కింటి అబ్బాయి చేరాడని నగరంలో పెద్ద పేరున్న కాలేజీకి పరుగెత్తి, తర్వాత ఊరి గ్రూపులో చెయ్యి చాస్తే, నిజంగా అవసరమున్న పిల్ల అడిగినప్పుడు ఎవరూ నమ్మరు.

అమ్మా, మీ పని వరస ఇది. రేపు సచివాలయానికి వెళ్లండి. ఎల్లుండి బ్యాంకు మేనేజర్‌ని కలిసి విద్యాలక్ష్మి దరఖాస్తుకు ఏయే కాగితాలు కావాలో రాయించుకోండి. మీ అమ్మాయి కాలేజీలో చేరాక మొదటి ఏడాదిలోనే రిలయన్స్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాలి, ఎంపికైతే కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తారు. ఇక ఆ ఛానెల్ అతనికి ఇచ్చిన రెండు వేలు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే దాని కోసం తిరగకండి. కానీ ఇప్పటికే ఏమైనా తీసి ఉంటే, మా అమ్మాయి ఫొటో గానీ వీడియో గానీ ఎక్కడా పెట్టడానికి మేం ఒప్పుకోవట్లేదని వాట్సాప్‌లో రాసి పంపండి. నోటిమాటగా చెప్తే చాలదు. ఆ మెసేజ్ మీ మరిదితో కాకుండా మీ అమ్మాయితోనే రాయించండి, ఆమె నాకన్నా బాగా రాస్తుంది.