బాబుకు బెల్టు వేస్తే అత్తగారు నొచ్చుకున్నారు

ప్రశ్న: మేము హైదరాబాదులో ఉంటాము. మా బాబుకు రెండేళ్ళ నాలుగు నెలలు. సంక్రాంతికి నరసరావుపేట దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్ళినప్పుడు, బజారులో అత్తగారి చేతిలోంచి జారిపోయి జనంలో కనిపించకుండా పోయాడు. పది నిమిషాల తరువాత వీధి చివర బుడగలమ్మే అతని దగ్గర దొరికాడు. ఈ సంగతి విన్న మా ఆడపడుచు లండన్ నుంచి ఒక బెల్టు పంపింది. దాన్ని పిల్లవాడి ఛాతీకి తొడిగి, వెనకనున్న పట్టీని మనం పట్టుకోవాలి. వీడియో కాల్‌లో తొడిగి చూపించగానే అత్తగారు "గొడ్డుకు పలుపు వేసినట్టు నా మనవడికి తాడు వేస్తారా" అని ఫోన్ పెట్టేశారు. అప్పటి నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. మా వారు "మీరూ మీరూ తేల్చుకోండి" అంటున్నారు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో మొక్కు తీర్చుకోవాలి. బెల్టు వేయాలా, మానాలా? నాకైతే ఇప్పుడు అపార్ట్‌మెంట్ కింద పార్కుకు కూడా బెల్టు లేకుండా తీసుకువెళ్ళాలంటే భయంగా ఉంటోంది.
ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: అమ్మా, ముందుగా మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. బెల్టు వేయండి, అందులో తప్పేమీ లేదు. అయితే అది ఏ చోట పనికి వస్తుందో, ఏ చోట పనికి రాకపోగా కీడు చేస్తుందో మీరు తెలుసుకోవాలి. అంతకన్నా ముందు, మీ అత్తగారు ఫోన్ ఎందుకు పెట్టేశారో కొంచెం ఆలోచించాలి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఆవిడ కోపం బెల్టు మీద కాదని నాకు అనిపిస్తోంది.

బాబు జారిపోయింది ఆవిడ చేతిలోంచి. ఆ పది నిమిషాలు మీకు ఎంత నరకమో ఆవిడకూ అంతే, పైగా తన చేతిలోంచే పోయాడన్న బరువు ఒకటి ఆవిడకు అదనం. ఆ రోజు ఎవరూ ఆవిడను ఒక్క మాట అనకపోయి ఉండవచ్చు, కానీ అనకపోవడం వల్ల ఆ బరువు దిగదు. అటువంటి మనిషి కళ్ళ ముందు, నెల తిరగకుండానే, అదీ తన కన్నకూతురే పంపిన బెల్టును మనవడి ఛాతీకి తొడిగి చూపిస్తే, "నీ చేతిని ఇక నమ్మము" అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పినట్టు వినిపిస్తుంది. పలుపు అన్న మాట ఆ నొప్పిలోంచి వచ్చింది. మీరు వీడియో కాల్‌లో సరదాగా చూపించారని నాకు తెలుసు, మీ మనసులో నింద లేదనీ తెలుసు. అయినా ఆ విషయం నోరు తెరిచి చెప్పవలసింది మీరే.

ఫోన్‌లో కాకుండా, ఊరికి వెళ్ళిన రోజున, ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి. "అత్తయ్యా, ఆ రోజు బాబు మీ చేతిలో ఉన్నాడు కాబట్టి మీ చేతిలోంచి జారాడు, నా చేతిలో ఉంటే నా చేతిలోంచి జారేవాడు" అన్న ఒక్క మాట చాలు. ఇది ఆవిడను సముదాయించడానికి చెప్పే మాట కాదు, అక్షరాలా నిజం. మీరు ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని మీ బాబు ఎత్తుకు దిగి చూడండి. మన చేతిని అందుకోవాలంటే వాడు తన చేతిని భుజం కన్నా పైకి ఎత్తి ఉంచాలి. మనమే ఆ తీరుగా చేయెత్తుకుని పది నిమిషాలు నిలబడలేము. చెమట పట్టిన ఆ చిన్న చేయి ఎటో ఒక రంగు కనిపించగానే మెలి తిరిగి జారిపోతుంది. ఈ వయసు పిల్లలు పరుగు నేరుస్తారు గానీ వెనక్కు తిరిగి చూడడం నేర్వరు. బుడగ కనిపిస్తే వాళ్ళకు ఇక లోకంలో బుడగ తప్ప మరొకటి ఉండదు. జారిపోతాడేమోనని మనం గట్టిగా పట్టి లాగితే ఇంకో ప్రమాదం ఉంది. ఒకటి నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను ముంజేయి పట్టి ఒక్క కుదుపు లాగినప్పుడు మోచేతి దగ్గర ఎముక తన చుట్టూ ఉన్న పట్టీలోంచి కొద్దిగా జారవచ్చు. పిల్లవాడు ఆ చేయి కదపకుండా వేలాడవేసుకుని ఏడుస్తాడు. డాక్టరు దాన్ని క్షణంలో సరిచేస్తారు కానీ, ఆ క్షణం దాకా తల్లిదండ్రులు పడే బాధ నేను చూశాను. ఛాతీకి వేసే బెల్టు మంచిదని నేను అనడానికి ఇది ఒక పెద్ద కారణం. లాగుడు అంతా చేతి మీద పడకుండా ఒంటి మీద పరుచుకుంటుంది. బజారులో దొరికే మణికట్టు బెల్టుల్లో ఈ సుఖం లేదు, పైగా వాటి అతుకుడు పట్టీని రెండేళ్ళ పిల్లలు ఒక చేత్తోనే ఊడదీస్తారు. మీ ఆడపడుచు పంపినది మేలైన రకమే.

ఇంగ్లండులో ఇవి చాలా కాలంగా వాడుకలో ఉన్నాయి. అక్కడి వాళ్ళు వీటిని పిలిచే పేరు కూడా గుర్రపు పగ్గాల పేరే, అందువల్ల పిల్లలకు పగ్గాలేమిటని మూతి విరిచే వాళ్ళు అక్కడా ఉన్నారు. మీ అత్తగారి మాట వింత మాటేమీ కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన వైపు ఈ పని లేనిదీ కాదు. 1980 కృష్ణా పుష్కరాలకు మా అమ్మ మమ్మల్ని బెజవాడ తీసుకువెళ్ళింది. అప్పుడు మా తమ్ముడికి మూడేళ్ళు నిండలేదు. ఘాటు దగ్గర మైకులో "ఎర్ర చొక్కా వేసుకున్న బాబు, పేరు చెప్పలేకపోతున్నాడు" అని ఎవరి పిల్లవాడి గురించో చెబుతుంటే, మా అమ్మ నిలబడ్డచోటే తన కొంగు చివర తీసుకుని తమ్ముడి మొలతాడుకు ముడి వేసింది. ఆ ముడిని వేళ్ళతో రెండుసార్లు లాగి చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మొలతాడు తెగిపోతుందనీ, కొంగు కాళ్ళకు అడ్డం పడుతుందనీ ఈ రోజు నేను చెప్పగలను గానీ, ఆ ముడిలో ఉన్న ఆరాటమే మీ బెల్టులోనూ ఉంది. మీ అత్తగారి తరం వారికి ఇటువంటి జ్ఞాపకాలు తప్పకుండా ఉంటాయి. మీ వారిని చిన్నప్పుడు తిరునాళ్ళకు ఎలా తీసుకువెళ్ళేవారో ఆవిడనే అడగండి, చెప్పనివ్వండి. మధ్యలో బెల్టు ప్రస్తావన తేకండి.

పలుపు సంగతికి వస్తే, ఆవిడ మాటలో ఒక సత్యం కూడా ఉంది, దాన్ని మీరు తీసుకోవాలి. పలుపుకు రెండో కొస గుంజకు ఉంటుంది. కట్టేసి మనిషి తన పనికి వెళ్ళిపోతాడు. పిల్లవాడి బెల్టు రెండో కొస ఎప్పుడూ మనిషి చేతిలోనే ఉండాలి. స్తంభానికి, కుర్చీకి, మంచం కోడుకు, ప్రామ్‌కు ఒక్క నిమిషమైనా కట్టకూడదు. పట్టీ మెడకు చుట్టుకోవడానికి ఆ నిమిషం చాలు. పిల్లవాడిని వెనక్కు గుంజడానికి, అల్లరి చేసినందుకు శిక్షగా బిగించడానికి కూడా దాన్ని వాడకూడదు. ఇవి మీరు చేస్తారని కాదు, అలిసిపోయిన రోజున ఎవరి చేతనైనా జరిగే పనులు కాబట్టి చెబుతున్నాను.

ఇక కోటప్పకొండ. మెట్ల దారి అయినా, కొండ మీద గుడి బయట ఆవరణ అయినా, కింద దుకాణాల వరసలు అయినా, జనం కదులుతూ మనిషికీ మనిషికీ మధ్య కొంత చోటు ఉన్నంత వరకు బెల్టు మీకు నిజంగా సాయపడుతుంది. పట్టీని ఒక చేతికి చుట్టుకుని, పొడవు ఒక మూర కన్నా మించకుండా పట్టుకోండి, రెండో చేతితో బాబు చేయి పట్టుకోండి. బెల్టు చేతికి బదులు కాదు, చేయి జారినప్పుడు ఆదుకోవడానికి. పొడవుగా వదిలితే మీకూ బాబుకూ మధ్య ఎవరో ముసలావిడ నడిచి వచ్చి తట్టుకుని పడతారు. ఛాతీ పట్టీ కింద మీ రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి, బకిల్ టక్కుమని పడిన చప్పుడు విన్నాకే అడుగు వేయాలి. ఎస్కలేటర్, లిఫ్ట్, బస్సు, రైలు ఎక్కేటప్పుడు మాత్రం బాబును ఎత్తుకుని, పట్టీని గుప్పిట్లో చుట్టేసుకోండి. పట్టీ ఇవతల ఉండి పిల్లవాడు అవతల ఉండగా లిఫ్ట్ తలుపులు మూసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

దర్శనం క్యూలో, బళ్ళ మీద ఎత్తుగా కట్టి ఊరేగించే ప్రభల దగ్గర సంగతి వేరు. అక్కడ బెల్టు మీద ఏ మాత్రం ఆధారపడకండి. 2015 జూలై 14న రాజమండ్రిలో గోదావరి పుష్కరాల మొదటి ఉదయం ఘాటు దగ్గర జరిగిన తొక్కిసలాట, 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డ జనంలో జరిగిన తొక్కిసలాట మనందరికీ గుర్తున్నాయి. మనిషికి మనిషి ఆనుకుని, మన అడుగు మన ఇష్టం మీద పడని జనంలో పిల్లవాడు తప్పిపోవడం చిన్న ప్రమాదం, ఊపిరి ఆడకపోవడం పెద్ద ప్రమాదం. రెండేళ్ళ పిల్లవాడి ముఖం పెద్దవాళ్ళ తొడల దగ్గర ఉంటుంది, అక్కడ గాలి ఉండదు. ఆ జనంలో బెల్టు పట్టీ ఎవరి కాళ్ళకో చిక్కి పిల్లవాడిని కిందికి లాగుతుంది. కాబట్టి అటువంటి చోట బాబు నేల మీద ఉండనే కూడదు, పట్టీ విప్పి సంచిలో పెట్టి, వాడిని ఛాతీకి ఎత్తుకోవాలి. ఎత్తుకునే మనిషి మీ వారు కావడం మంచిది. "మీరూ మీరూ తేల్చుకోండి" అన్న ఆయనకు మీరు ఈ జవాబు చదివి వినిపించండి. తల్లికీ భార్యకూ మధ్య తీర్పు చెప్పమని ఎవరూ అడగడం లేదు, కొడుకును ఎత్తుకోమంటున్నారు. మొక్కు పగలే, వీలైనంత పెందలాడే తీర్చుకోండి. రాత్రి ప్రభలు విద్యుద్దీపాలతో ఎంత అందంగా ఉంటాయో నాకూ తెలుసు, ఆ బళ్ళ చక్రాల పక్కన, ఆ తోపులాటలో రెండేళ్ళ పిల్లవాడికి మాత్రం చోటు లేదు. దూరం నుంచి, ఎత్తు మీద నుంచి చూపించండి.

బయలుదేరే ముందు, ఆ రోజు వేసిన బట్టలతోనే బాబుకు ఫోటో తీసుకోండి. ఆదుర్దాలో చొక్కా రంగు కూడా ఎవరికీ గుర్తు రాదు. మీ ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన చీటీ చొక్కా లోపలి జేబులో పెట్టండి. పేరు మాత్రం పైకి కనిపించేలా రాయకండి, కొత్తవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే పిల్లలు నమ్మి వెళ్ళిపోతారు. ఒకవేళ కనిపించకపోతే ఒకరు చివరిసారి చూసిన చోటే కదలకుండా నిలబడాలి, మరొకరు చొక్కా రంగు చెబుతూ గట్టిగా అరవాలి, మొహమాటం వద్దు. దగ్గరలో నీళ్ళు ఉంటే ముందు అటు వెళ్ళి చూడాలి. పోలీసులకు 112, పిల్లల సహాయానికి 1098.

చివరిగా మీ గురించి. పార్కుకు కూడా బెల్టు లేకుండా వెళ్ళలేకపోతున్నాను అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. గేటు మూసి, వాహనాలు రాని ఆ పార్కులో బాబుకు బెల్టు వద్దమ్మా. పరుగెత్తి, పడి, లేచి, మీరు "ఆగు" అంటే ఆగడం వాడు నేర్చుకోవలసిన చోటు అదే. రోజూ సాయంత్రం "ఆగు" అన్న ఒక్క మాటను ఆటగా ఆడించండి. ఆగిన ప్రతిసారీ ఎత్తుకుని ముద్దు పెట్టండి. ఆ మాట బాగా పట్టుబడితే మరో ఏడాదికల్లా బెల్టుతో పని తగ్గిపోతుంది. సంక్రాంతి నాటి ఆ పది నిమిషాలు ఇంకా నిద్రలో మిమ్మల్ని లేపుతున్నా, బాబు కళ్ళ ముందే ఉన్నా గుండె దడదడలాడుతున్నా, దగ్గరలోని మానసిక వైద్యులను ఒకసారి కలవండి. అది పిరికితనం కాదు, పెద్ద భయం తగిలిన ఒంటికి మందు అవసరం కావచ్చు, అంతే.

ఊరికి వెళ్ళిన మొదటి సాయంత్రం బాబుకు బెల్టు మీరు తొడగకండి. అత్తగారితో మాట్లాడి, ఆవిడ మనసు కుదుటపడ్డాక, బెల్టు ఆవిడ చేతికి ఇచ్చి, తొడగడం నేర్పి, వీధి చివరిదాకా బాబును ఆవిడనే నడిపించి తీసుకురమ్మనండి. మీరు గడపలో ఉండండి, వెంట వెళ్ళకండి.