ధాన్యం కుప్ప పక్కన రాయి కనపళ్ళేదు సార్!

చలికాలం వచ్చిందంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం లైట్ల మీదే ఉంటాయి. ఈసారి మరీ ఎక్కువ వచ్చీసాయి, అందుకే మైలేజీ ప్రశ్నలూ చైన్ సౌండ్ ప్రశ్నలూ వచ్చే సంచికకి తోసీసి ఇవాళ బండికి ఎక్స్‌ట్రా లైట్ల గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: సార్, నేను పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో బి షిఫ్ట్ చేస్తాను. బయటికొచ్చీసరికి రాత్రి 11 దాటిపోద్ది. హైవే మీద పర్లేదు గానీ రణస్థలం దగ్గర దిగి లావేరు వైపు లోపలికి తిరిగితే ఇంక దీపంబుడ్డి పట్టుకుని నడుస్తున్నట్టే ఉంటది. మొన్న రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెట్టారు, కుప్ప మీద నల్ల టార్పాలిన్ కప్పీసారు, నాకేటీ కనపళ్ళేదు, రాయెక్కి పడిపోయాను, మోకాలి చిప్ప పగల్లేదు అదే అదృష్టం. బండి 125 సీసీ, 2019 మోడల్. మా ఫ్రెండు ఆన్‌లైన్‌లో 120 వాట్ల లైట్లు జత 900కి వస్తన్నాయి కొనీ అంటున్నాడు. కొనీమంటారా? బ్యాటరీ దిగిపోద్దేటి?
(ఒక పాఠకుడు, రణస్థలం మండలం)

జవాబు: తమ్ముడూ, ముందు మోకాలు చూపించుకో, వాపు తగ్గిపోయింది కదా అని ఊరుకోకు. రోడ్డు మీద ధాన్యం సంగతి నువ్వూ నేనూ చెప్తే ఆగేది కాదు, రైతుకి కళ్ళం లేకపోతే తారురోడ్డే కళ్ళం, ఆ రాళ్ళు మాత్రం ధాన్యం ఎత్తీసాక కూడా అక్కడే ఒదిలీసి పోతారు చూడు, అదీ నాకు ఒళ్ళు మండే విషయం.

సరే, లైట్ల కాడికొద్దాం. ఆ 900 రూపాయలు జేబులోనే ఉంచు కాసేపు. ముందు నీ బండికున్న హెడ్‌లైట్ దాని పని అది చేస్తందో లేదో చూడు. నాకాడికి ఎక్స్‌ట్రా లైట్లు కావాలని వచ్చిన బళ్ళలో చాలావాటికి హెడ్‌లైట్ గ్లాసు పసుపెక్కిపోయి ఉండేది, బల్బు లోపల నల్లగా మసి పట్టీసి ఉండేది, లేదంటే ఎప్పుడో పడినప్పుడు డూమ్ (బల్బు వెనకాల మెరిసే గిన్నె) పైకి తిరిగిపోయి వెలుగంతా చింతచెట్ల కొమ్మల మీద పడేది. ఇంకోటి ఉంది, అది కంటికి కనపడదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడు, తర్వాత బల్బు హోల్డర్ దగ్గర చూడు. అక్కడ 13.8 ఉండి ఇక్కడ 12.3 ఉందనుకో, మధ్యలో కనెక్టరో స్విచ్చో తినేస్తంది. హాలోజన్ బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దగ్గర దగ్గర 30 శాతం పడిపోద్ది, అందుకే కొత్త బల్బు వేసినా కొంతమందికి తేడా తెలీదు. హోల్డర్ మార్చి కనెక్టర్లు శుభ్రం చేస్తే కొన్నిసార్లు అక్కడితో కథ అయిపోద్ది.

అవన్నీ బాగానే ఉండి ఇంకా చాలటం లేదంటే అప్పుడు లైట్లు. ఆ 120 వాట్ల మాట నమ్మకు. 12 వోల్టుల మీద 120 వాట్లంటే 10 ఆంపియర్లు లాగాలి, ఆ లైటు వెనకాల వచ్చే వైరు చూడు సేమియా అంత ఉంటది, దాంట్లోంచి 10 ఆంపియర్లు పోతే ఇంటికెళ్ళేలోపు వేగిపోద్ది. డబ్బా మీద వాట్లు ఎంతైనా రాసుకోవచ్చు, కాయితానికి కరెంటు అక్కర్లేదు కదా. షాపువాడిని బ్యాటరీ మీద పెట్టి ఆంపియర్ మీటర్‌తో చూపించమను, వచ్చిన అంకెని 12తో గుణిస్తే అదే అసలు వాట్లు. నీ బండికి ఒక్కోటి నిజంగా 15, 20 వాట్లున్న ఎల్ఈడీ జత చాలు, అంతకు మించి వద్దు.

ఎందుకు వద్దంటే, 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళన్నిటికీ హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటది కదా, ఆపే స్విచ్ ఉండదు. అంటే నీ బండి పుట్టించే కరెంటులో ఆ వాటా ఎప్పుడో పోయింది, మిగిలిన దాంట్లోంచే కొత్త లైట్లు తినాలి. దీనికి లెక్కలు అక్కర్లేదు, మల్టీమీటర్ ఉంటే చాలు. లైట్లన్నీ వేసీసి బ్రేకు నొక్కి ఇండికేటర్ వేసి కొంచెం రేజ్ ఇచ్చి బ్యాటరీ దగ్గర చూడు. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే నిశ్చింతగా వాడుకో. 13 కిందకి జారిపోతే బండి సంపాదన కన్నా ఖర్చు ఎక్కువైనట్టే, నెలరోజుల్లో పొద్దున్నే సెల్ఫ్ కొట్టదు, కిక్ రాడ్ మీద పడతావు. నిదానంలో కొంచెం తగ్గితే కంగారు పడకు, రైల్వేగేటు దగ్గర ఆగినప్పుడు ఎక్స్‌ట్రా లైట్లు ఆపీడం అలవాటు చేసుకుంటే సరిపోద్ది.

ఇప్పుడు వైరింగు. ఇక్కడే అందరూ తప్పు చేసేది, నేనూ చేసాను. పని నేర్చుకునే రోజుల్లో హారన్ వైరు గిల్లీసి దానికే లైట్లు కలిపీసాను, ఫ్యూజు లేదు ఏం లేదు, ఎంత గొప్పగా వెలిగిందో. విజయనగరం నుంచి వస్తంటే నెల్లిమర్ల దాటాక హ్యాండిల్ మెడ కాడ వైరు రాసుకుని రాసుకుని తోలు ఊడిపోయి ఫ్రేముకి తగిలింది, ట్యాంకు కింద నుంచి పొగ. పెట్రోలు ట్యాంకు అండీ బాబూ! సీటు పీకి బ్యాటరీ వైరు లాగీసాను కాబట్టి ఇప్పుడు మీకు జవాబులు రాస్తన్నాను. ఆ తర్వాత ఫ్యూజు లేకుండా ఒక్క లైటు కూడా పెట్టలేదు.

నువ్వు చేయించేటప్పుడు పక్కనే కూర్చుని చూడు. బ్యాటరీ ప్లస్ నుంచి వైరు బయల్దేరిన బెత్తెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, లైటు దగ్గర పెడితే దండగ, ఎందుకంటే మధ్యలో వైరు ఎక్కడ కాలినా అది కాపాడదు. 40 వాట్ల జతకి పోయేది 3.3 ఆంపియర్లే, కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు, ఫ్యూజు పోతందని 20 వేసే మెకానిక్ ఉంటే దండం పెట్టి వచ్చీ. తర్వాత రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే చిన్న డబ్బా. దాని కాళ్ళ మీద నంబర్లుంటాయి: 30కి ఫ్యూజు దాటి వచ్చిన వైరు, 87 నుంచి లైట్లకి, 85 ఎర్తు, 86కి స్విచ్ నుంచి వచ్చే సన్న వైరు. అంటే బరువు కరెంటు రిలేలోంచి పోద్ది, హ్యాండిల్ మీద స్విచ్‌లోంచి చిటికెడే పోద్ది, స్విచ్ కరగదు. ఆ స్విచ్‌కి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకోమను, లేదంటే నువ్వు తాళం తీసుకుని లోపలికెళ్ళి నిద్రపోతావు, లైట్లు వాకిట్లో కాపలా కాస్తాయి. ఎర్తు కూడా పెయింటు మీద బోల్టుకి కట్టీకుండా బ్యాటరీ మైనస్ దాకా లాగించు. మెలేసి టేపు చుట్టడం వద్దు, వానకి ఆ టేపు జిగురు కారిపోద్ది, క్రింప్ చేసి (వైర్లు చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కించి) పైన హీట్ ష్రింక్ స్లీవ్, అదే వేడి తగిల్తే ముడుచుకుని బిగిసే గొట్టం, వెయ్యమను. హ్యాండిల్ మెడ దగ్గర వైరు కొంచెం వదులుగా ఒదిలి, హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి ఎక్కడా లాగట్లేదని నీ కళ్ళతో చూసుకో.

లైట్లు లెగ్‌గార్డుకి పెట్టించు, హ్యాండిల్‌కి కాదు. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకి వదులవ్వనిది) వెయ్యమను, క్లాంపు కింద పాత ట్యూబు ముక్క పెడితే జారదు.

ఇంక అసలైంది, ఇది మాత్రం ఏ షాపులోనూ చెయ్యరు, నువ్వే చేసుకోవాలి: ఎయిమింగు, అంటే వెలుగు ఎక్కడ పడాలో సెట్ చెయ్యడం. రాత్రి ఏ స్కూలు గోడ ముందో సమానంగా ఉన్న చోట 25 అడుగుల దూరంలో బండి పెట్టు. నువ్వు రోజూ ఎలగ వెళ్తావో అలగే ఎక్కి కూర్చో, వెనకాల మనిషి ఎక్కేదుంటే ఎక్కించు, వెనక బరువు పడితే ముందు లైటు పైకి లేస్తది. నేల నుంచి లైటు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో అంత ఎత్తున గీత గియ్యి. లైటు వెలుగు పై అంచు ఆ గీతకి నాలుగంగుళాలు కింద ఉండాలి. లెక్క చూడు, నీ లైటు రెండడుగుల ఎత్తులో ఉంటే 25 అడుగులకి నాలుగంగుళాలు దిగిన వెలుగు నేలకి తగిలేది 150 అడుగులకి, అంటే 45 మీటర్లు. 60లో వెళ్తంటే సెకనుకి పదహారు పదిహేడు మీటర్లు, రాయి కనపడి చెయ్యి బ్రేకు మీదకి వెళ్ళీసరికి 25 మీటర్లు అయిపోద్ది, పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20. కరెక్టుగా రాయి దగ్గర ఆగుతావు, అదీ అన్నీ బాగుంటే. లోపలి రోడ్డులో 45, 50 దాటొద్దనేది అందుకే. ఇంకా దూరం కనపడాలని లైటు పైకెత్తావనుకో, ఎదురుగా సైకిల్ మీద వచ్చే ముసిలాయన కళ్ళు మూసుకుని నీ మీదకే వస్తాడు.

ప్రశ్న: నమస్కారం. ఉద్యోగరీత్యా సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా వారానికి రెండుసార్లు కొరాపుట్ వైపు వెళ్ళాలి. పొద్దున్న ఐదింటికి మంచు ముంచేస్తది. పసుపు లైటు మంచుని చీల్చుకుపోద్ది అంటారు నిజమేనా? పెద్ద స్పాట్‌లైట్లు చూసాను, బాగా దూరం కొడతాయట.
(ఆరోగ్యశాఖ ఉద్యోగిని, సాలూరు)

జవాబు: అమ్మా, చీల్చుకుపోవడం అనేది ఒట్టి మాట. మంచు అంటే గాలిలో వేలాడే నీటి చుక్కలు, ఆ చుక్కలకి పసుపూ తెలుపూ ఒకటే, దేన్నైనా చెదరగొట్టేస్తాయి. పసుపులో నీలం పాలు తక్కువ కాబట్టి తిరిగి మన కంట్లోకి కొట్టే మెరుపు కొంచెం హాయిగా ఉంటది, అంతే. నేనైతే పసుపే, డబ్బా మీద 3000 కె (వెలుగు రంగు చెప్పే అంకె) అని ఉన్నదే తీసుకుంటాను, కానీ రంగు రెండో సంగతి. మొదటిది వెలుగు ఆకారం. స్పాట్‌లైటు సన్నగా దూరం పోద్ది, అది తిన్నగా ఉన్న ఎడారి రోడ్డుకి. ఘాట్‌లో దూరం ఎక్కడుందమ్మా, యాభై అడుగులకో మలుపు. మీకు కావాల్సింది ఫాగ్ లైటు, అంటే వెడల్పుగా అటూ ఇటూ రోడ్డు అంచులు చూపించేది, పైభాగం కత్తితో కోసినట్టు తెగిపోయి ఉండేది. దాన్ని ఎంత కింద పెడితే అంత మంచిది. మంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లదుప్పటి కట్టినట్టుంటది, డిప్‌లోనే వెళ్ళండి, లారీల వెనక బాగా దూరం ఉంచండి.

ఇంకో మాట, ప్రశ్నలో లేదు గానీ చెప్తన్నాను. మీరు ఎప్పుడైనా పార్వతీపురం, కొమరాడ, కురుపాం వైపు తిరిగితే అక్కడ ఏనుగులు రోడ్డెక్కుతుంటాయి. కొత్త లైట్లున్నాయి కదా అని దాని మొహమ్మీద కొట్టడం, హారన్ మోగించడం చెయ్యకండి. దూరంగానే ఆగి బండి వెనక్కి తిప్పీయండి.

ప్రశ్న: ఎక్స్‌ట్రా లైట్లెందుకన్నా, హాలోజన్ డూమ్‌లోనే ఎల్ఈడీ బల్బు పెట్టీసా, పట్టపగల్లా ఉంది. అందరూ ఇలా చెయ్యొచ్చు కదా?
(డిగ్రీ విద్యార్థి, నరసన్నపేట)

జవాబు: పట్టపగలు నీకు, ఎదుటోడికి చీకటి. ఆ డూమ్ హాలోజన్ బల్బులో వెలిగే తీగ ఎక్కడుంటదో ఆ చోటుకి లెక్క కట్టి చేసింది. నీ బల్బులో చిప్పులు రెండు పక్కలా ఉంటాయి, చోటు కాస్త తప్పినా వెలుగు చెల్లాచెదురైపోద్ది. దగ్గర్లో నేల తెల్లగా మెరుస్తది కాబట్టి బాగుంది అనిపిస్తది, అసలు కావాల్సిన దూరంలో మసకే. ఇందాక చెప్పిన గోడ ముందు పెట్టి చూడు, డిప్‌లో అంచు తెగుతందో లేదో. తెగకపోతే తీసీ.

ప్రశ్న: లైట్లు పెట్టిస్తే పోలీసులు ఫైన్ వేస్తారా? మార్కెట్లో బహిరంగంగానే అమ్ముతున్నారు కదా.
(చిరువ్యాపారి, విజయనగరం)

జవాబు: అమ్మడం వేరు, రోడ్డెక్కించడం వేరు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక 182ఎ సెక్షన్ వచ్చింది, చట్టం ఒప్పుకోని మార్పులు బండికి చేస్తే ఒక్కో మార్పుకి 5000 జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ. ఎదుటివాడి కంట్లో కొట్టే లైటు, ఎరుపూ నీలం మిణుకుమిణుకులు ఉంటే ఎవరూ ఒదలరు, ఒదలకూడదు కూడా. మీ బండి కంపెనీ యాక్సెసరీ లిస్టులో ఫాగ్ లైట్లుంటే షోరూమ్‌లో బిల్లుతో పెట్టించుకోండి, కొంచెం ఖరీదే గానీ చేతిలో కాయితం ఉంటది, వారంటీ కూడా నిలబడుద్ది. బయట పెట్టిస్తే ఊళ్ళో వెయ్యకండి, కోట జంక్షన్‌లో వీధిలైట్ల కింద మీకు ఫాగ్ లైట్లెందుకు?

ప్రశ్న: మాది భావనపాడు. చేపల పెట్టెలు కట్టుకుని రాత్రి రెండింటికి టెక్కలి వెళ్తాను. రెండేళ్ళలో రెండు జతల లైట్లు పోయాయి. ఐపీ67 అని రాసుంది, నీళ్ళు వెళ్ళవన్నారు.
(చేపల వ్యాపారి)

జవాబు: అన్నా, ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా లోపలికి నీరు రాదని, అదీ లైటు డబ్బాకే. ఉప్పుగాలి సంగతి దాంట్లో లేదు, వెనకాల కనెక్టరు సంగతి అసలు లేదు. నీ లైట్లు పోయి ఉండవు, కనెక్టర్లో పచ్చగా చిలుం పట్టీసి ఉంటది, విప్పి చూడు. పారీకపోతే ఆ పాత జతలు బ్యాటరీ మీద నేరుగా పెట్టి చూడు, వెలుగుతాయేమో. కనెక్టర్ శుభ్రం చేసి వ్యాజిలిన్ కూరి మూసీ, రిలేని సీటు కింద కాళ్ళు కిందకి ఉండేలా తిప్పి కట్టు, నీరు నిలవదు. ఇంటికొచ్చాక మామూలు నీళ్ళతో లైట్లూ బ్రాకెట్లూ కడుగు, ప్రెషర్ పంపు దగ్గరగా పెట్టి కొట్టించకు. ఇంకోటి, చేపల పెట్టెలు కట్టాకే గోడ ముందు లైటు సెట్ చేసుకో, ఖాళీ బండి మీద చేస్తే టెక్కలి దాకా చుక్కల్ని చూపిస్తది.