జలపాతాల దారిలో తొందర వద్దు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

కెనడాలో ఆల్బెర్టా నుంచి ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్‌ నగరానికి కారులో ఒక్క రోజులో చేరిపోవాలని అనుకుంటున్నామని రాశావు. ఆ ఆలోచన మార్చుకో తల్లీ. కనీసం మూడు రోజులు పెట్టుకోండి. 60వ అక్షాంశం దగ్గర సరిహద్దు దాటి వాయవ్య భూభాగాల్లో (నార్త్‌వెస్ట్ టెరిటరీస్) అడుగు పెట్టాక వచ్చే మెకంజీ రహదారిని జలపాతాల దారి అనే అంటారు. చూడవలసింది ఆ దారి పొడవునా ఉంది.

సరిహద్దు నుంచి సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే అలెగ్జాండ్రా జలపాతం. హే నది అక్కడ 32 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. గట్టు మీద నిలబడి ఫొటో తీసుకుని వెంటనే కారెక్కేస్తారు చాలామంది. మీరు కాసేపు కూర్చోండి. అంచు దాకా నీరు బురద రంగులో, కదులుతోందా అన్నంత నున్నగా వస్తుంది. వంపు తిరిగే చోట పలచబడి తేనె రంగుకు మారుతుంది, ఆ మరుక్షణం తెల్లగా చిట్లిపోతుంది. ఎదుటి లోయ గోడ మీద పొరలు పొరలుగా కనిపించే సున్నపురాయి 35 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు. పిల్లలకు అది తప్పక చెప్పు. తడి రాయి మీద నాచు ఉంటుంది కాబట్టి అంచు దగ్గర మాత్రం వాళ్ల చెయ్యి వదలవద్దు.

అక్కడి నుంచి లోయ గట్టు వెంబడి అడవిలో కాలిబాట ఉంది. దిగువన 15 మీటర్ల లూయీస్ జలపాతం దాకా నడిచే వెళ్లండి. ఆ ప్రాంతపు ఆదివాసులైన డేనే ప్రజలకు ఈ జలపాతాలు పవిత్రమైనవి, ఆ మర్యాదతో మెలగండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. జలపాతం దగ్గర మీ అడుగుల చప్పుడు ఎలుగుబంటికి వినపడదు, దాని అలికిడి మీకూ వినపడదు. అది సాధారణంగా మనిషిని వెతుక్కుంటూ రాదు కానీ హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడవచ్చు. అందుకే హోరు వినిపించే చోట మలుపు తిరిగే ముందు గట్టిగా పిలుచుకోండి, చప్పట్లు కొట్టండి. ఎలుగుబంటిని తరిమే కారపు స్ప్రే సంచి అడుగున ఉంటే దండగ, నడుముకే ఉండాలి. తినుబండారాలు గుడారంలో పెట్టవద్దు.

మర్నాడు పొద్దున్నే కకీసా ఊరి దగ్గర లేడీ ఎవలిన్ జలపాతం చూసుకుని, మెకంజీ నది వంతెన దాటి ఎల్లోనైఫ్ వైపు సాగండి. అక్కడి నుంచి రోడ్డు మీద వుడ్ బైసన్లు అనే అడవి దున్నలు ఎదురవుతాయి. ఉత్తర అమెరికా నేల మీద తిరిగే జంతువుల్లో అన్నిటికన్నా భారీవి ఇవే. వేసవి మొదట్లో పాత బొచ్చు పేలికల్లా వేలాడుతూ, దుమ్ములో పొర్లి లేచి, ఒళ్లు దులుపుకుని మళ్లీ పొర్లుతాయి. ఎంతసేపు చూసినా తనివి తీరదు. కారులోంచే చూడండి, హారన్ కొట్టవద్దు. తోక నిక్కపొడిచిందంటే దానికి చిరాకు ముదిరిందని అర్థం, మెల్లగా వెనక్కి తగ్గండి. కెనడా జాతీయ పార్కుల్లో ఎలుగులకూ, బైసన్లకూ 100 మీటర్ల దూరం పాటించమంటారు. పార్కు బయట కూడా అంతకు తగ్గవద్దు. దగ్గరగా చూడాలనుంటే బైనాక్యులర్ కొనుక్కో, ఫోను జూమ్‌తో తృప్తి ఉండదు.

జూన్, జూలైలలో పగలు చాలా పొడుగు, నిజమే. దోమలు, నల్ల ఈగలు కూడా అప్పుడే చెలరేగుతాయి. నన్నడిగితే ఆగస్టు చివర మేలు. ఆకులు పసుపు తిరుగుతాయి, చీకటి పడే రాత్రులు మళ్లీ మొదలవుతాయి కనుక ఆకాశం తేటగా ఉంటే ధ్రువకాంతులూ కనిపించవచ్చు.

బంకు కనిపించిన ప్రతిచోటా ట్యాంకు నింపుకోండి. దారిలోని ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న ఊరు 2023 ఆగస్టు కార్చిచ్చులో చాలావరకు కాలిపోయింది, కాబట్టి ఏ రోజుకారోజు మంటల సమాచారం, రోడ్ల సమాచారం చూసుకునే బయలుదేరండి. ఊళ్లు దాటితే ఫోను పలకదు. పిల్లలకు దోమతెర టోపీలు ఇప్పుడే కొనిపెట్టు. తేదీలు ఖాయం కాగానే నాకు రాయి.

మీ పెద్దమామయ్య