'క్యారియర్' అని కాగితంలో ఉన్న యాంగస్ ఆవును కొనొచ్చా?

టెక్సాస్‌లో పొలం తీసుకుని రిజిస్టర్డ్ యాంగస్ (మాంసం కోసం పెంచే జాతి) ఆవులు బేరం చేస్తున్నామని, ఒక ఆవు కాగితంలో 'ఏఎంసీ' అని ఉందని, దాన్ని వదిలేయాలా అని అడిగారు. ఆవు మంచిదైతే, ధర కాస్త తగ్గిస్తే తీసుకోండి. ఆబోతు దగ్గర మాత్రం అస్సలు రాజీ పడొద్దు.

ఏఎంసీ అంటే ఆర్థ్రోగ్రైపోసిస్ మల్టిప్లెక్స్ (ఏఎం) అనే జన్యు లోపానికి క్యారియర్, అంటే తనకు జబ్బు లేకపోయినా లోపాన్ని దూడలకు అందించగలిగే పశువు. రాంచర్లు 'కర్లీ కాఫ్' అంటారు. ఇది 2008లో బయటపడింది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో జొనాథన్ బీవర్ దీనికి డీఎన్ఏ టెస్ట్ తయారుచేశారు. అప్పటికే ఈ లోపం జీఏఆర్ ప్రెసిషన్ 1680 అనే పేరున్న ఆబోతు సెమెన్‌తో ఎన్నో మందల్లోకి పాకిపోయింది.

క్యారియర్ ఆవుకు ఏ జబ్బూ ఉండదు. దాన్ని క్యారియర్ ఆబోతుతో కట్టిస్తేనే చిక్కు: సగటున నాలుగు దూడల్లో ఒకటి వెన్ను వంకరపోయి, కాళ్లు బిగుసుకుపోయి చచ్చి పుడుతుంది. ఓక్లహోమాలో మా మందలోనూ అలాంటి దూడ పుట్టింది. ఆ ఆబోతును మాకు టెస్ట్ చేయించకుండానే అమ్మారు. చూడి ఆవు లూపిన్ మొక్క మేసినా, కొన్ని వైరస్‌లు సోకినా ఇలాంటి దూడలే పుడతాయి, కాబట్టి కంటితో చూసి తేల్చకూడదని మా వెట్ చెప్పారు. దూడ చెవి ముక్క, తల్లి, ఆబోతు తోక వెంట్రుకలు ల్యాబ్‌కు పంపాకే ఖాయమైంది.

నాకు బాధ కలిగించేది ఇది ఎంత కాలమైనా దాగి ఉండగలగడం. 40 ఆవుల్లో నాలుగు క్యారియర్లు, ఆబోతూ క్యారియర్ అనుకోండి. ఏడాదికి పోయేది సగటున ఒక్క దూడ. ఈత కష్టమై పోయిందిలే అనుకుని పూడ్చేస్తారు. మిగిలిన దూడల్లో మాత్రం లోపం ఏటా పెరుగుతూనే ఉంటుంది.

టెస్ట్‌లో ఫ్రీ (లోపం లేదు) అని తేలిన ఆబోతుతో కట్టిస్తే ఒక్క దూడ కూడా ఇలా పుట్టదు. సగం క్యారియర్లవుతాయి, అంతే. మందలో ఉంచుకునే పెయ్యలకు టెస్ట్ చేయించండి. వెంట్రుకలు కుదుళ్లతో సహా రావాలి. కవల దూడలైతే రక్తం పంపొద్దు, కడుపులోనే రెండింటి రక్తం కలిసిపోయి ఫలితం తప్పు రావచ్చు.

దూడల్ని సంతలో అమ్ముకోవడమే మీ ఉద్దేశమైతే ఆవులన్నిటికీ ఖర్చు పెట్టక్కర్లేదు, ఆబోతు ఒక్కటి ఫ్రీ అయితే చాలు. దానికి ఏఎంతో పాటు ఎన్‌హెచ్, సీఏ, డీడీ అనే మరో మూడు జన్యు లోపాలకూ టెస్ట్ ఫలితాలు చూడండి. ఎన్‌హెచ్ ఉన్న దూడ తలలో నీరు చేరి బతకదు. సీఏ దూడ బతకొచ్చు కానీ కాళ్లు సన్నగా, పొడవుగా ఉండి సరిగా ఎదగదు.

'మా వంశంలో అలాంటిదేం లేదండీ' అనే మాట వినగానే తల ఊపేయకండి. ఆబోతు రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, అమెరికన్ యాంగస్ అసోసియేషన్ సైట్‌లో మీరే వెతికి, పేరు పక్కన ఏఎంఎఫ్ (ఏఎం ఫ్రీ) అని ఉందో లేదో చూసి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.